చైనీస్, ఇంగ్లిష్ బడిలో వేసే ముందు

చి.సౌ. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుని చైనీస్, ఇంగ్లిష్ రెండిట్లోనూ పాఠాలు చెప్పే బడిలో వేయాలా వద్దా అని అడిగావు. వెయ్యి. అయితే బోర్డు మీద ద్విభాషా పాఠశాల అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మేయకు. ఏ సబ్జెక్టులు చైనీస్‌లో చెబుతారో, రోజుకి ఎంతసేపో అడుగు. రోజుకొక పీరియడ్, నాలుగు పాటలు, కాసిని రంగు కాగితాలు అయితే దానికంత ఫీజు దండగ. లెక్కలో సైన్సో చైనీస్‌లోనే చెబితే పిల్లలకి ఆ భాషతో నిజంగా పని పడుతుంది. కొన్ని బడుల్లో మొదటి నుంచీ చెరి సగం. మరికొన్నిట్లో చిన్న క్లాసుల్లో 80, 90 శాతం చైనీస్‌తో మొదలుపెట్టి, పైకి వెళ్లేకొద్దీ ఇంగ్లిష్ పెంచుతారు. నన్నడిగితే రెండోదే మేలు. ఇంగ్లిష్ ఎటు నుంచైనా వచ్చి పడుతుంది, చైనీస్‌కి మీ ఇంట్లో వేరే దిక్కు లేదు.

మాట్లాడటం గురించి టెన్షన్ వద్దు. మాండరిన్‌లో, అంటే బడిలో నేర్పే చైనీస్‌లో, స్వరం (గొంతు ఎత్తే, దించే తీరు) మారితే మాట అర్థమే మారుతుంది. ప్రధానమైన స్వరాలు నాలుగు, పసి చెవులు వాటిని తొందరగానే పట్టుకుంటాయి. నువ్వు దిద్దబోకు, టీచర్ గొంతు రికార్డు చేసి వినిపించు.

అసలు శ్రమంతా చదవడంలో ఉంది. మనకి గుణింతాలు, ఒత్తులు వస్తే తెలియని మాటనైనా కూడబలుక్కుని చదివేస్తాం. అక్కడ ఆ వీలు లేదు. చైనా పాఠ్యప్రణాళిక ప్రకారం మొదటి రెండేళ్లలో సుమారు 1,600 అక్షరాలు గుర్తుపట్టాలి, వాటిలో 800 రాయగలగాలి. తొమ్మిదేళ్లు పూర్తయ్యేసరికి గుర్తుపట్టాల్సినవి సుమారు 3,500. చూశావా, అక్కడి పిల్లలే చదివినవన్నీ రాయనక్కర్లేదు. మరి వీడు రాయలేదని కోప్పడకు. రోజూ కాసేపు రాయించు, గీతల వరస మాత్రం తప్పనివ్వకు. అక్షరాన్ని భాగాలుగా విడదీసి చూపించే టీచర్ దొరికితే మీ అదృష్టం. నది, సరస్సు, సముద్రం అనే అర్థాలున్న అక్షరాలకి ఎడమ పక్కన నీటిని సూచించే మూడు చుక్కలుంటాయి. ఆ కిటుకు తెలిసిన పిల్లాడికి కొత్త అక్షరం పూర్తిగా కొత్తది కాదు.

ఉచ్చారణ రాయడానికి చైనా 1958లో తెచ్చిన పద్ధతి పిన్యిన్. ఇంగ్లిష్ అక్షరాలే, కానీ క్యూ, ఎక్స్, సీ లాంటివి పలికే తీరు వేరు. ఇంగ్లిష్ చదవడం అప్పుడే మొదలుపెట్టిన పిల్లలకి ఇది కొన్నాళ్లు తికమక, తర్వాత సర్దుకుంటుంది. ప్రతి పేజీలో పిన్యిన్ ఉంటే కళ్లు దాని మీదికే పోతాయి, అక్షరాలు ఒంటబట్టవు. ఏ క్లాసు నుంచి తీసేస్తారో కనుక్కో. పుస్తకాలు కొనేముందు ఇంకోటి: చైనా, సింగపూర్‌లలో గీతలు తగ్గించిన సరళీకృత లిపి, తైవాన్, హాంకాంగ్‌లలో పాత సంప్రదాయ లిపి. బడి ఏది నేర్పితే ఇంట్లోనూ అదే ఉండాలి.

ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా చెబితే వినకు. ఒకే వాక్యంలో మూడు భాషలూ కలిపేస్తే కంగారుపడకు, ఆ వయసులో అది మామూలే. రెండేళ్లలో ఊరు మారే ఆలోచన ఉంటే మాత్రం ముందే చెప్పు. బడి మానిన పిల్లలకి ముందుగా మరుపొచ్చేది ఆ అక్షరాలే, అప్పుడు నా సలహా మారుతుంది.

ఫీజు కట్టే ముందు చిన్న పిల్లల గది చూసి వచ్చేయకు, అది ఎక్కడైనా ముద్దుగానే ఉంటుంది. అయిదో క్లాసులో కూర్చో. పిల్లలు పిన్యిన్ లేని పేజీ చదవగలుగుతున్నారా, టీచర్‌కి చైనీస్‌లోనే జవాబిస్తున్నారా చూడు. చూసొచ్చి నాకు రాయి.

పెద్దమ్మ