పెద్దపాదమా, చిన్నపాదమా? మేనల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. మాల వేసుకున్న రోజు నుంచి నువ్వూ నేనూ ఒకరికొకరం స్వాములమే, వరసలుండవు. దానికింకా పన్నెండు రోజులుంది కాబట్టి ఈ ఒక్కటీ మేనమామగా చెబుతున్నాను.

నువ్వూ నీ స్నేహితులిద్దరూ మీ నాన్నతో కలిసి శబరిమలకి ఏ దారిలో వెళ్ళమంటావని అడిగావు: ఎరుమేలి నుంచి అడవిలో నడిచే పెద్దపాదమా, పంబ నుంచి ఎక్కే చిన్నపాదమా అని. ముందు ఏ తేదీన వెళ్ళమంటావని అడగాల్సింది. శబరిమలకి తేదీ కుదిరితే దారి దానంతటదే తేలుతుంది. నేను ఇరవై రెండు సార్లు కొండెక్కాను, పద్దెనిమిదోసారి వెళ్ళినప్పుడు కొబ్బరి మొక్క తీసుకెళ్ళి నాటి వచ్చాను. నేను ఇబ్బంది పడ్డ ప్రతిసారీ దారి మంచిదే, తేదీయే తప్పు.

మనకి నవంబరంటే చలి, పొడి గాలి. కేరళలో అలా కాదు. అక్కడ తులావర్షం, అంటే ఈశాన్య రుతుపవనాల వాన, నవంబరంతా ఉంటుంది, ఒక్కోసారి డిసెంబరు మొదటి వారం కూడా పడుతుంది. ఉదయం ఎండ కాస్తుంది, మధ్యాహ్నం దాటాక ఉరుములు మొదలవుతాయి. నా నాలుగో ఏడు మండలం (నవంబరు నడుమ మొదలయ్యే 41 రోజుల సీజన్) మొదలైన వారంలోనే పెద్దపాదం పెట్టుకున్నాం. ఆ దారిలోని కరిమల కొండ మట్టి తడిస్తే కాలు నిలవదు. చెట్ల వేళ్ళు పట్టుకుని ఎక్కాం. మాలో ఒక పెద్దాయన దిగేటప్పుడు జారి మడమ మెలిపెట్టుకున్నాడు. ఆయన్ని ఇద్దరం చెరో పక్క పట్టుకుని పంబ చేర్చేసరికి చీకటి పడింది. అడవిలో ఆ చివరి గంట నాకు ఇప్పటికీ గుర్తే. ఆ తేదీ పెట్టింది నేనే, నా సెలవుల కోసం.

ఇక నువ్వు రాసిన మకరజ్యోతి సంగతి. నీకు చూడాలని ఉండడం సహజం. కానీ మొదటిసారి మాల వేసే కన్నెస్వామిగా, పైగా మీ నాన్నని వెంటబెట్టుకుని, జనవరి 14న వద్దు. 1999లో అదే రోజున పంబ దగ్గర తొక్కిసలాటలో 50 మందికి పైగా పోయారు. 2011లో మళ్ళీ అదే తేదీన పుల్లుమేడు దగ్గర 100 మందికి పైగా పోయారు. జ్యోతి చూసి చీకట్లో తిరిగి వస్తున్న జనం వాళ్ళు, మన ఆంధ్రా స్వాములూ ఉన్నారు అందులో. ఇప్పుడు ఏర్పాట్లు పెరిగాయి, నిజమే. అయినా ఆ రాత్రి అంత జనంలో బావ చెయ్యి వదిలిపోతే నువ్వు ఏ దిక్కున వెతుకుతావు?

నవంబరు మొదటి వారంలో మాల వేసుకుంటే 41 రోజులు డిసెంబరు మధ్యకి నిండుతాయి. అప్పటికి వాన తగ్గుతుంది. డిసెంబరు 26, 27 ప్రాంతంలో జరిగే మండల పూజ రద్దీ ఇంకా మొదలవదు. శని ఆదివారాలు తప్పించి ఆ రోజుల్లో పెట్టుకోండి. మండల పూజ అయ్యాక గుడి మూసేస్తారు, మళ్ళీ డిసెంబరు 30న తెరుస్తారు. ఆ మధ్య రోజులకి టికెట్లు బుక్ చేసుకుని బాధపడినవాళ్ళు నాకు తెలుసు. దర్శనానికి ఆన్‌లైన్‌లో తీసుకునే వర్చువల్ క్యూ టికెట్ కూడా తేదీతో, సమయంతో వస్తుంది. కాబట్టి ముందు అది తీసుకుని తర్వాత రైలు చూసుకో.

దారుల విషయానికొస్తే, పెద్దపాదం ఎరుమేలి నుంచి. సుమారు 45 కిలోమీటర్లు, ఎక్కువ భాగం అడవి. మసీదులో అయ్యప్ప స్నేహితుడు వావరు స్వామి దర్శనం, రంగులు పూసుకుని ఆడే పేటతుళ్ళి అయ్యాక కాళకెట్టి మీదుగా అళుదా నది. అక్కడ మునిగి ఒక రాయి తీసుకుంటారు. అళుదా కొండెక్కాక కల్లిడుంకున్రు దగ్గర దాన్ని వేస్తారు. మహిషిని అక్కడే పూడ్చారని నమ్మకం. తర్వాత ముక్కుళి, ఆ తర్వాత కరిమల. ఎక్కడం కష్టమని అందరూ చెబుతారు, నేను దిగడం గురించి చెబుతాను. దిగేటప్పుడు ఒంటి బరువూ తల మీది ఇరుముడి మూట బరువూ మోకాళ్ళ మీదే పడతాయి, ఉత్త పాదాలకి రాళ్ళు గుచ్చుకుంటాయి. తొందరపడకుండా మొదటి రోజు అళుదా, రెండో రోజు పంబ, మూడో రోజు కొండ అనుకోండి. అడవిలోకి వదిలే టైము అటవీ శాఖ వాళ్ళు పెడతారు. మధ్యాహ్నం దాటితే గేటు దగ్గర ఆపేస్తారు. అది పెరియార్ పులుల అడవి, ఏనుగులు తిరిగే చోటు. ఆపితే వాదించకండి, అక్కడే పడుకోండి.

నీ స్నేహితుడు వీడియోల్లో చూసిన పచ్చిక కొండలు పుల్లుమేడువి. వండిపెరియార్ నుంచి సత్రం చేరి, అక్కడి నుంచి 12 కిలోమీటర్ల దాకా నడవాలి. నిజంగానే అందమైన దారి. పొద్దున్నే మంచు కమ్ముకుంటే పక్కన నడిచే మనిషి కూడా కనపడడు, చలి కూడా బాగా ఉంటుంది. ఎక్కువ భాగం దిగుడే కాబట్టి తేలిక అనుకుంటారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి అదే అన్నిటికన్నా కష్టం. ఇంకో చిక్కు ఏమిటంటే, దర్శనం అయ్యాక ఎక్కువమంది పంబకే దిగుతారు. అప్పుడు సత్రం దగ్గర వదిలిన బండిని చుట్టూ తిప్పి తెప్పించుకోవాలి. మీ ముగ్గురు కుర్రాళ్ళూ మరో ఏడు అటు వెళ్ళండి.

హైదరాబాద్ నుంచే పాదయాత్రగా వెళ్తే ఎలా ఉంటుందని చివర్లో రాశావు. 1,100 కిలోమీటర్లకు పైమాటే. రోజుకి 30 నడిచినా నలభై రోజులు. వెళ్ళేవాళ్ళున్నారు, వాళ్ళకి నేను దండం పెడతాను. కానీ అందులో ప్రమాదం అడవిలో కాదు, హైవే మీద తెల్లవారుజామున లారీలతో. వెనక బండి, వంటమనిషి, ఒంటి మీద మెరిసే జాకెట్లు లేకుండా ఆ మాట తలపెట్టొద్దు.

నా మాట ఇది. నువ్వూ నీ స్నేహితులిద్దరూ పెద్దపాదం నడవండి. కన్నెస్వామివి, ఎరుమేలిలో కొన్న శరం (బాణం) గుడికి వెళ్ళే దారిలోని శరంగుత్తిలో నీ చేత్తో గుచ్చాలి, ఆ దారి నీకు దక్కాలి. బావ మాత్రం నాతో రావాలి. మేం చెంగన్నూర్‌లో దిగి నిలక్కల్ మీదుగా పంబకి వస్తాం. 2018 వరదల తర్వాత బండ్లు నిలక్కల్‌లోనే ఆపడం మొదలుపెట్టారు, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. మీరు కరిమల దిగి వచ్చేసరికి మేం పంబ ఒడ్డున ఉంటాం. అక్కడి నుంచి చిన్నపాదం 5 కిలోమీటర్లు, అందరం కలిసే బయల్దేరదాం. ఆ దారిలో నీలిమల కొండ నిటారుగా ఉంటుంది. పోలీసులు వదిలితే స్వామి అయ్యప్పన్ రోడ్డు మీద బావని నెమ్మదిగా నడిపిస్తాను. అప్పటికీ కాకపోతే డోలీ ఉంది. డోలీ ఎక్కితే దీక్ష తగ్గిపోతుందని ఎవరైనా అంటే బావ చెవిన పడనీయకు.

నెయ్యభిషేకం ఉదయం పూటే ఉంటుంది. సాయంత్రం చేరితే ఆ రాత్రి పైనే పడుకోవాలి. అందుకే ఇరుముడి వెనక కట్టులో ఒక దుప్పటి పట్టేలా చూసుకో. ప్లాస్టిక్ కవర్లు వద్దు. అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగలు గుడ్డ సంచిలో కట్టుకో. ఒంటిపూట భిక్ష (భోజనం) దీక్షలో సరే, కరిమల ఎక్కే రోజు కడుపు మాడ్చుకోకండి. దారిలో శొంఠి వేసి కాచిన నీళ్ళు ఇస్తారు, అవే తాగండి. జలగలు పడితే పీకొద్దు, ఉప్పు వేస్తే అవే రాలిపోతాయి.

బావ బీపీ మాత్రలు దీక్షలో కూడా ఆపకూడదు. ఈ సంగతి చెల్లాయికి నువ్వే గట్టిగా చెప్పు. మాల వేసుకున్నాక ఉపవాసమని పొద్దున మాత్ర మానేసి కళ్ళు తిరిగి పడినవాళ్ళని మా పీఠంలోనే చూశాను. బయల్దేరే ముందు ఒకసారి డాక్టరుకి చూపించు.

రేపటి నుంచే తెల్లవారుజామున మీరు ముగ్గురూ చెప్పుల్లేకుండా నడవడం మొదలుపెట్టండి. మొదటి వారం అరగంట చాలు. పాదం కాస్త గట్టిపడ్డాక గంటన్నర చెయ్యండి, వారానికి రెండుసార్లు మెట్లు దిగండి. దిగడమే ముఖ్యం. బావని కూడా మీ అపార్ట్‌మెంట్ చుట్టూ నాలుగు రౌండ్లు తిప్పు. మూడో వారంలో ఆయన మోకాలు ఎలా ఉందో నాకు ఫోన్ చేసి చెప్పు, టికెట్లు అప్పుడు తీసుకుంటాను.

మీ మామయ్య