గడియ బయటి నుంచి

నాయనా,

ఆశీస్సులు. నీ కథ మొదటి సగం చిరాకుతోనే చదివాను. తండ్రి ముసుగు వేసుకుని రాత్రిళ్లు కడప మేడల మీద దూకుతుంటాడు, వెనకాలే కొడుకు దూకుతుంటాడు, దొంగలు వరసగా నిలబడి తన్నులు తింటుంటారు. పక్కన పెట్టేద్దామనుకుంటుండగా ఆ వాక్యం వచ్చింది. పిల్లవాడు పడుకున్నాక తండ్రి తలుపు మెల్లగా దగ్గరికి లాగి బయటి నుంచి గడియ పెడతాడు. లోపల పిల్లవాడు కళ్లు మూసుకునే ఆ చప్పుడు వింటాడు.

ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం. తాత దగ్గర హత్యలు చూస్తూ, కత్తి పట్టడం నేర్చుకుంటూ పెరిగిన 13 ఏళ్ల పిల్లవాడు. వాణ్ణి తెచ్చుకున్న తండ్రికి ఉన్నది ఒకటే కట్టుబాటు, ఎవరినీ చంపకూడదని. ఊరందరికీ ధైర్యం ఇచ్చే మనిషి సొంత కొడుక్కి భయపడి గడియ పెట్టుకున్నాడు. కథకు ఇంతకంటే ఏం కావాలి? కానీ నువ్వు అక్కడ ఆగలేదు. కింది పేరాలోనే "తండ్రికి తన మీద నమ్మకం లేదన్న నిజం ఆ పసి హృదయాన్ని ముక్కలు చేసింది" అని రాశావు. గడియ చప్పుడు మేమూ విన్నాం కదా, మళ్లీ దండోరా దేనికి?

నేను ఎన్నాళ్లుగానో పట్టుకు వేలాడుతున్న మాట ఒకటుంది. నా దగ్గరికి వచ్చిన కుర్రవాళ్లంతా విసుక్కుంటూ విన్నదే, నువ్వూ విను. కథలో నమ్మకాన్ని మనసులో వెతకొద్దు. ఎవరి చేతికి ఏం ఇచ్చారో చూడు, చాలు. బీరువా తాళం చెవి, బండి, మాత్రల డబ్బా, రాత్రి కాపలా. మన పల్లెల్లో కక్షలు నడిచిన రోజుల్లో పెద్దమనిషి జీపు ఎవరు తోలుతున్నారు, వాకిట్లో ఆయన మంచం పక్కన ఎవరు పడుకుంటున్నారు అన్నదాన్ని బట్టి ఊరికి సంగతంతా తెలిసిపోయేది. డ్రైవర్ మారాడంటే ఏదో జరిగిందని ఆడవాళ్లు బోరింగు దగ్గరే చెప్పుకునేవాళ్లు. "నిన్ను నేను నమ్మను" అని ఎవరూ ఎవరి మొహాన అనలేదు.

నేను కోర్టులో టైపిస్టుగా ఉన్నప్పుడు ఒక తండ్రీకొడుకులు వాయిదాలకు వచ్చేవాళ్లు. ఒకే హత్య కేసు. తండ్రి ఏ1, కొడుకు ఏ3. ఒకే ఊరు, ఒకే ఇల్లు. కొడుక్కి మోటార్ సైకిల్ ఉంది. తండ్రి మాత్రం ఎర్ర బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ వచ్చేవాడు. ఆ బండి వెనక కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. మధ్యాహ్నం వేపచెట్టు కింద క్యారియర్ విప్పితే ముందు కొడుకు తినేవాడు. వాడు చెయ్యి కడుక్కున్నాక కాసేపు బీడీ కాల్చి, అప్పుడు తినేవాడు తండ్రి. ఇద్దరూ గట్టిగా ఒక్క మాట అనుకున్నది లేదు.

వాళ్ల మీదే కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. "మీరు సీమ రచయితలు కదా, మరి కత్తి ఏదండీ?" అని జవాబు. అచ్చయి వచ్చాక చూస్తే చివర్లో కొడుకు తండ్రిని నరికేశాడు! ఆ ముక్క నేను రాసింది కాదు. మా మాటలన్నీ దిద్ది, పొలం పనికి పోయేవాళ్ల చేత కూడా పాఠ్యపుస్తకం మాట్లాడించారు. పైన బొమ్మలో వేటకొడవలి, దాని కొసన రక్తపు చుక్కలు. పారితోషికం రాలేదు, అది వేరే సంగతి. ఆ తర్వాత సినిమాలు వచ్చి సుమోలను గాల్లోకి లేపాయి. కడప అంటే బాంబు తప్ప ఇంకేం లేదని జనానికి ఖాయమైపోయింది. చివరికి నువ్వు కూడా గండికోటకే పోయావు! పొద్దుగూకే వేళ, పెన్న లోయ అంచున, బాంబుల సంచి పట్టుకున్నవాణ్ణి పిల్లవాడు కిందికి తోస్తాడు. షూటింగుకు బాగుంటుంది. నాకు మాత్రం అక్కడి నుంచి జమ్మలమడుగు దాకా తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇద్దరూ బండి మీద ఎలా కూర్చున్నారో కావాలి. నువ్వు అది రాయలేదు. నేరుగా ఇంట్లో తేలారు.

ఇంట్లో ఏముంది? తండ్రి ఉపన్యాసం. ప్రాణం విలువ, ధర్మం, న్యాయం, పేజీలకు పేజీలు. పిల్లవాడు ఏడుస్తాడు, కౌగిలింత, సమాప్తం. చచ్చినవాడికి పేరు లేదు. వాడిది ఏ ఊరో, శవం కోసం లోయలోకి ఎవరు దిగారో లేదు. పోలీసు అసలే లేడు. ఇన్నాళ్లూ దొరికిన ప్రతి దొంగనూ తాళ్లతో కట్టి స్టేషన్ ముందు పడేసిన ఈ వీరుడు, సొంత కొడుకు మనిషిని చంపితే ఏం చేస్తాడు? ఆ వయసు పిల్లవాడి కేసు బాలల న్యాయ మండలికి పోతుంది. 2015 నాటి చట్టం ప్రకారం 16 ఏళ్లు నిండనివాడు హత్య చేసినా పెద్దలతో పాటు విచారించరు. మహా అయితే 3 ఏళ్లు ప్రత్యేక గృహంలో ఉంచుతారు. ఉరి లేదు, యావజ్జీవం లేదు. అంటే దాచడానికి తండ్రికి సాకు కూడా లేదు. దాస్తే, రేపు ఇంకొకడి కొడుకును కట్టేసే మొహం ఎక్కడిది? అప్పగిస్తే, బయటికి వచ్చాక ఆ పిల్లవాడు పోయేది తాత ఇంటికా, నాయన ఇంటికా? ఇంత పెద్ద చిక్కు చేతిలో పెట్టుకుని కౌగిలింతతో సరిపెట్టావు.

నీ కథకు మూలం బ్యాట్‌మ్యాన్, ఆయన కొడుకు డేమియన్ అని మా మనవడు చెప్పాడు. తప్పేం లేదు. కానీ తీసుకునేవాడివి సరిగ్గా తీసుకోవాల్సింది. 1939లో మొదలైనప్పుడు ఆ బ్యాట్‌మ్యాన్ కూడా మనుషులను చంపినవాడే. కొద్దికాలానికే ఇక చంపించొద్దని సంపాదకుడు అడ్డుపడ్డాడట (సంపాదకులు చేసిన మంచి పని ఒకటి దొరికింది నాకు). చంపనివాడిగా ఆయనకు పేరు స్థిరపడిపోయాక, 2006లో, హంతకుల మధ్య పెరిగిన కొడుకును తెచ్చి ఆ ఇంట్లో పెట్టారు. నీ వీరుడేమో పుట్టుకతోనే కడిగిన ముత్యం. అలాంటివాడికి కొడుకును చూస్తే కోపం రావచ్చు గానీ, గడియ పెట్టుకునేంత భయం ఎందుకు? ఆయన చేతులకూ ఏదో అంటి ఉండాలి. అది ఏమిటో నువ్వు తేల్చుకో.

భారతంలో అశ్వమేధ పర్వం చదివావా? తండ్రి వచ్చాడని బభ్రువాహనుడు కానుకలు పట్టుకుని ఎదురెళ్తాడు. యుద్ధం చెయ్యకుండా ఇదేం పని అని అర్జునుడు తిడతాడు. అర్జునుడి ఇంకో భార్య, నాగకన్య ఉలూపి రెచ్చగొడుతుంది, కొడుకు బాణానికి తండ్రి కూలుతాడు, ఆమే మణితో బతికిస్తుంది. అందరూ చెప్పేది ఇంతవరకే. తర్వాత ఏం జరిగిందో చూడు. ఈ ఒక్క రాత్రి మన ఇంట్లో ఉండి పొమ్మని అడుగుతాడు కొడుకు. దీక్షలో ఉన్నాను, ఊళ్లోకి రాకూడదంటాడు అర్జునుడు. యాగానికి తల్లులను తీసుకుని రమ్మని చెప్పి, గుర్రం వెంట పోతాడు. తనను చంపినవాడి ఇంట్లో ఒక రాత్రి నిద్ర! ఆ పిల్లవాడు అడిగింది అదే. యుద్ధమంతా చదివినప్పుడు కలగని బాధ నాకు ఆ మాట దగ్గర కలుగుతుంది.

నీ కథ తిరగరాయి. ఉపన్యాసం కొట్టెయ్యి. హత్య జరిగిన మర్నాడు పొద్దున తండ్రి ఆ పిల్లవాడి దగ్గర నుంచి ఏం వెనక్కి తీసుకున్నాడో, ఏం అడక్కుండా వదిలేశాడో రాయి. రాత్రికి మళ్లీ గడియ పెట్టాడా లేదా అన్నది నువ్వే చూసుకో, నన్ను అడగొద్దు. ఏ పత్రికకు పంపాలి, కలం పేరు బాగుందా, పోటీల సంగతేమిటి అని కూడా అడిగావు. వాటికి తొందరేం లేదు. ఆ పర్వం తిక్కన తెలుగులో చదవాలంటే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది, నీకు కడపలోనే కదా.

ఇంకొకటి. ఈసారి పేజీలకు నంబర్లు వెయ్యి. కవరు విప్పేసరికి కాగితాలు కలిసిపోయి, లోయలో పడ్డవాడు తర్వాతి పేజీలో లేచి మళ్లీ బెదిరించాడు.

ఉంటాను,
ప్రొద్దుటూరు నుంచి