నవ్వడానికి తోడు కావాలి

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం, పుట్టిల్లు ఆంధ్రాలోని ఇచ్ఛాపురం. నాకు 44 ఏళ్లు. అమ్మాయి చదువుకని విశాఖ వెళ్లాక ఇంట్లో నేనూ మా అత్తగారూ మిగిలాం. మావారు కొట్టు కట్టేసి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. మనసారా నవ్వి ఎన్నాళ్లయిందో. ఆయన వేసే జోకులన్నీ నా ఒడియా మీదే, అదీ మా ఆడపడుచుల ముందు. నాకేమైనా జబ్బా?

జవాబు: అమ్మా, ముందు ఆఖరి ప్రశ్న తేల్చుకుందాం. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైన పని కూడా రుచించకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం లాంటివి ఉంటే చిట్కాలతో కాలం గడపకండి. మీ ఊళ్లోనే ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించుకోండి. ఇల్లు కదలలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు తీసుకోరు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే నీరసపడిపోతుంది. అందుకని థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, రక్తానికి హిమోగ్లోబిన్ పరీక్షలు ఎలాగూ చేయించుకోండి.

అవన్నీ బాగుంటే, మీ ఇబ్బంది చాలావరకు ఒంటరితనం. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికా శాస్త్రవేత్త జనం ఎప్పుడు నవ్వుతారో ఏళ్ల తరబడి గమనించాడు. ఒక్కరే ఉన్నప్పటి కంటే పక్కన మనిషి ఉంటే సుమారు 30 రెట్లు ఎక్కువ నవ్వుతారట. పైగా అందులో జోకులకు నవ్వేది తక్కువ, మామూలు మాటలకే ఎక్కువ. మధ్యాహ్నం ఒక్కరూ ఫోన్లో కామెడీ చూసినా నవ్వు రాలేదంటే వింతేమీ లేదు.

మీకు రోజంతా తోడున్నది అత్తగారే, అక్కడే మొదలుపెట్టండి. ఒక పాత నోటుబుక్కు తీసుకుని పడుకునే ముందు ఆ రోజు చెవిన పడ్డ తమాషా ఒక్కటి, రెండు మూడు లైన్లలో రాయండి. ఎవరు ఏ మాట అన్నారో ఆ మాటే రాయాలి. ‘ఈరోజు భలే సరదాగా గడిచింది’ అని రాస్తే వారం తర్వాత మీకే ఏమీ గుర్తుండదు. రెండు భాషల ఊళ్లో సరుకుకు కొదవేముంది! ఒడియా ఆవిడ ‘గోడ బింధుచి’ అంటే కాలు నొప్పిగా ఉందని. కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు గోడకేసి చూస్తారు. పోనీ మనం ‘కాలి నొప్పి’ అంటే, వాళ్ల భాషలో ‘కాలి’ నిన్నో రేపో అవుతుంది. ఇలాంటిదొకటి మర్నాడు టీ వేళ అత్తగారికి చదివి వినిపించండి. ఆవిడ నవ్వకపోయినా తన కాలంనాటిది ఇంకోటి చెబుతారు, మీకు కావలసిందీ అదే. రెండు రోజులు రాయడం కుదరకపోతే ఆ రెండు పేజీలూ నింపాలని కూర్చోకండి. బాకీ పడితే అదీ ఇంటిపనుల్లో ఒకటైపోతుంది.

ఇక ఆ టీ సంగతి. చాలామంది ఆడవాళ్లు టీ పెట్టి, అందరికీ ఇచ్చి, తమది పొయ్యి పక్కన చల్లార్చి నిలబడి తాగేస్తారు. రోజుకు పది నిమిషాలు, మీ కప్పు వేడిగా ఉండగానే కూర్చుని తాగండి. ఫోను పక్క గదిలో ఉంచండి. మొదటి గుక్కలో అల్లం ఘాటు ఎక్కడ తగిలిందో గమనించండి. ఏ సుఖమైనా రోజూ ఒకేలా ఉంటే కొన్నాళ్లకు చప్పబడుతుంది. అందుకే వారానికొకటి మార్చండి: ఒక వారం టీ మేడ మీద, ఇంకో వారం పక్కింటావిడతో, ఒక ఆదివారం సాయంత్రం గోపాలపురం సముద్రం ఒడ్డున. ‘బుద్ధి పుట్టినప్పుడు వెళ్దాం’ అనుకుంటే ఎన్నటికీ వెళ్లరు. మనసు డీలాగా ఉన్నప్పుడు ముందు పని జరగాలి, బుద్ధి వెనకాల పుడుతుంది. అందుకే రోజు, టైము ముందే రాసిపెట్టుకోండి.

మీవారి జోకుల విషయంలో మీరు అతిగా బాధపడుతున్నారని నేను అనుకోను. నలుగురినీ కలిపే హాస్యం వేరు, ఒకరిని పొడిచే వెటకారం వేరు. ఇచ్ఛాపురం నుంచి వచ్చి ఇంకో భాషలో సంసారం నెట్టుకొస్తున్న మనిషికి ఆ యాసే నగుబాటు కావడం కష్టమే. అయితే జోకు వేసిన క్షణంలోనూ, ఆయన చెప్పులు విడుస్తున్నప్పుడూ ఈ మాట ఎత్తకండి. భోజనాలయ్యాక, ఇద్దరే ఉన్నప్పుడు ఒక్కసారి చెప్పండి: ‘మనిద్దరమే ఉన్నప్పుడు నా ఒడియా మీద నవ్వండి, నేనూ నవ్వుతాను. మీ చెల్లెళ్ల ముందు మాత్రం వద్దు, నాకు తల కొట్టేసినట్టుంటోంది.’ అంతటితో ఆపండి. పాత లెక్కలన్నీ బయటికి తీస్తే ఆయనకు ఈ ఒక్కటీ వినబడదు. ‘ఆ మాత్రం సరదా తెలీదా’ అంటే, ‘తెలుసు, అందుకే అడుగుతున్నా’ అనండి చాలు. వాళ్లు మొదలుపెట్టకముందే మీరే మీ మీద జోకు వేసుకుని గట్టెక్కే అలవాటుంటే అదీ మానేయండి. మీరే అనుమతి ఇచ్చినట్టవుతుంది.

అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా, డబ్బులున్నాయా’ తర్వాత అడగొచ్చు. ముందు నోటుబుక్కులోది ఒకటి చదవండి.