రాత్రి తిండికి మూలం పగటి పస్తులోనే ఉంది

ప్రశ్న: నా వయసు 31. బాబు పుట్టాక 12 కిలోలు పెరిగాను. అత్తగారు రోజూ ఏదో ఒకటి అంటారు. టిఫిన్ మానేశాను, మధ్యాహ్నం ఒక్క పుల్కాయే. కానీ వారంలో మూడు నాలుగు రాత్రులు అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి మిగిలిన అన్నం, ఆవకాయ, మిక్చర్, బిస్కెట్లు కడుపు నొప్పి పుట్టేదాకా తింటున్నాను. వాంతి చేసుకోను, ఏడుస్తాను. ఏడాదిగా ఇదే వరస. మావారికి తెలియదు. నోరు కట్టుకోవడం ఎలా?

జవాబు: నోరు కట్టుకోవడం మీకు బాగానే వచ్చమ్మా. పగలంతా మీరు చేస్తున్నది అదే, చిక్కు కూడా అక్కడే ఉంది. మీరు రాసినదాన్ని బట్టి ఇది బింజ్ ఈటింగ్ డిజార్డర్‌లా ఉంది. కనీసం మూడు నెలలపాటు, వారానికి ఒకసారైనా, చేయి ఆగక అతిగా తినడం, చాటుగా తినడం, ఆ తర్వాత తమ మీద తమకే అసహ్యం కలగడం దీని గుర్తులు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో దీన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. ఇది తిండిపోతుతనం కాదు. నిర్ధారించాల్సింది మాత్రం డాక్టరే.

పస్తున్న ఒళ్లు రాత్రికి అప్పు వసూలు చేస్తుంది. ఆ సిగ్గుతో మర్నాడు మళ్లీ పస్తు, ఆ రాత్రి మళ్లీ వంటిల్లు. ఈ గొలుసు తెగేది పొద్దుటి టిఫిన్ దగ్గరే. ఎనిమిదింటికి మూడు ఇడ్లీలు, పదకొండింటికి ఒక పండు, ఒంటిగంటకు అన్నం, పప్పు, కూర, పెరుగు, నాలుగున్నరకు గుప్పెడు వేయించిన శనగలు, ఎనిమిదింటికి రాత్రి భోజనం. మధ్యలో నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. రాత్రి అదుపు తప్పినా మర్నాడు టిఫిన్ తినాల్సిందే. చాలామంది బోల్తాపడేది ఇక్కడే, రాత్రి ఎక్కువైందని పొద్దున మానేస్తారు. ఒంటిపూటలు, ఉపవాసాలు కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఏ తిండినీ నిషేధించుకోకండి. లడ్డూ తినాలనిపిస్తే మధ్యాహ్నం భోజనమయ్యాక, కూర్చుని, అందరి ముందే ఒకటి తినండి. తిన్న వెంటనే ఓ నోట్‌బుక్‌లో వేళ, ఏం తిన్నారు, అంతకుముందు ఏం జరిగింది అన్నవి రాయండి. క్యాలరీలు వద్దు. రెండు వారాల్లో ఏ మాట పడ్డ రోజున వంటింటి దారి పడుతున్నారో మీకే కనిపిస్తుంది. కోరిక పుట్టినప్పుడు అరగంట వంటింటికి దూరంగా ఉండండి. స్నానం చేయండి, అక్కకో స్నేహితురాలికో ఫోన్ చేయండి. ఆ ఉధృతి చాలాసార్లు దానంతటదే దిగుతుంది.

బరువు తగ్గించే డైట్ ఇప్పుడే వద్దు. అది మళ్లీ పస్తుకే దారి తీస్తుంది. బరువు వారానికి ఒక్కసారి చూసుకుంటే చాలు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యపు మందులు ఆకలిని పెంచుతాయి, వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) తెలిసిన సైకాలజిస్టు దీనికి సరైన మనిషి. ఎవరూ అందుబాటులో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు మింగడం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకండి. ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదముంది. చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చినా అంతే, ఆ రోజే సైకియాట్రిస్టును కలవండి.

మీవారికి చెప్పండి. ఇంతే చాలు: "రాత్రిళ్లు తిండి నా అదుపులో ఉండటం లేదు, వైద్యం చేయించుకుంటున్నాను. డబ్బాలు దాచొద్దు, కాపలా వద్దు. అత్తయ్యగారు నా ఒంటి గురించి అన్నప్పుడు మీరు అడ్డుచెప్పండి. రాత్రి పదింటికి కాసేపు నా దగ్గర కూర్చోండి."