కిట్ హిల్ ఎక్కబోయే అబ్బాయికి

చిరంజీవి కిరణ్‌కి,

బాబాయి ఆశీస్సులు. వచ్చే శనివారం స్నేహితులతో కలిసి కిట్ హిల్ మీద జియోకాషింగ్, అదే ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ ఎవరో దాచిన డబ్బాలు వెతికే ఆట, ఆడతామని రాశావు. మంచి పని. ఇంగ్లండ్ నైరుతి కొసనున్న ఈ కార్న్‌వాల్‌ తూర్పు భాగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన కొండ అది. అయితే పార్కులో డబ్బా వెతికినట్టు అక్కడ వెతకడం కుదరదు. తగరం, రాగి, టంగ్‌స్టన్ కోసం ఏళ్ల తరబడి తొలిచిన కొండ అది.

ఫోన్‌లో బాణం గుర్తు చూపించేది దిక్కే, దారి కాదు. ఇంకా 120 మీటర్లే అని కనపడగానే కుర్రాళ్లు పొదల్లో పడి అడ్డంగా పోతారు. గనులున్న కొండ మీద ఆ తొందర పనికిరాదు. కంచె ఉంటే దాటొద్దు. గరాటులా కుంగిన గుంట కనిపిస్తే దాని అంచు దాకా కూడా పోవద్దు, అది పాత షాఫ్టు, అంటే నిలువుగా దిగే గని గొయ్యి కావచ్చు. గడ్డి మొలిచింది కదా అని కింద గట్టి నేలే ఉందనుకోకు. కార్న్‌వాల్‌లో వెనకటికి కొన్ని షాఫ్టుల నోటి మీద దుంగలు పరిచి, మట్టి కప్పి వదిలేశారు. ఆ దుంగలు ఎప్పుడు పుచ్చి కూలతాయో పైనుంచి చూసి చెప్పలేం. అందుకని కాలిబాట మీదే నడుస్తూ పోయి, డబ్బా బాగా దగ్గరయ్యాకే బాట దిగండి. చుట్టు తిరిగితే ఇంకో పావుగంట పడుతుంది, పడనీ. సొరంగం నోరు కనిపిస్తే లోపలికి అసలే వద్దు, డబ్బా అందులోనే ఉందని ఎవరు చెప్పినా సరే.

వివరాలు, మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకో. ప్రతి డబ్బాకీ 1 నుంచి 5 దాకా రెండు రేటింగులుంటాయి. ఒకటి వెతకడం ఎంత కష్టమో చెబుతుంది, రెండోది నేల ఎంత కష్టమో చెబుతుంది. మీరు చూడాల్సింది రెండోదాన్ని. అది 4 గానీ 5 గానీ ఉంటే మొదటిసారికి వదిలేయండి. వెతికినవాళ్లు దొరకలేదని ఈమధ్య వరసగా రాస్తున్నారంటే ఆ డబ్బా పోయినట్టే లెక్క.

దగ్గరికి చేరాక ఫోన్ జేబులో పెట్టేయ్. జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, దాని వెంట తిరిగితే గానుగెద్దు పనే. నేనే దాచాల్సి వస్తే ఎక్కడ పెడతానా అని చుట్టూ చూడు. ఎవరో చేత్తో పేర్చినట్టున్న రాళ్లు, మొదలు దగ్గర అడ్డంగా పుల్లలు పెట్టిన పొద, ఇలాంటివి కళ్లబడతాయి. స్థలం యజమాని అనుమతి లేకుండా నేల తవ్వి డబ్బా దాచకూడదని ఈ ఆటలో నియమం ఉంది, కాబట్టి మీరు తవ్వొద్దు. గోడలోంచి రాయి లాగితే గానీ దొరకదనిపించిందా, నువ్వు వెతికే చోటే తప్పు. ఆ కొండ మీద కంచు యుగపు సమాధి దిబ్బలు కూడా ఉన్నాయి, ఒక్క రాయి కూడా కదపొద్దు.

దొరికాక డబ్బాలో ఉండే పుస్తకంలో పేరు, తేదీ రాసి, ఎలా ఉందో అలాగే దాచేయండి. డబ్బాలోంచి బొమ్మేదైనా తీసుకుంటే దానికి తగ్గని వస్తువు పెట్టాలి. తినేవి మాత్రం వద్దు, వాసనకి జంతువులు డబ్బా కొరికేస్తాయి.

అక్కడి గోర్స్ అనే పొదల ముళ్లు గట్టివి, నిండు ప్యాంటు వేసుకో. ఎండ కాసే రోజుల్లో ఆడర్ అనే విషపు పాము పొదల పక్కన పడుకుంటుంది. చూడకుండా చెయ్యి పెట్టకు, ముందు కర్రతో తట్టు. కొండ దగ్గరి టామర్ నది లోయలో ఆర్సెనిక్ అనే విషం కూడా తీశారు. గని మట్టి కుప్పల మీద కూర్చుని తినొద్దు, తినేముందు చేతులు కడుక్కోండి.

డబ్బాల హడావిడిలో శిఖరాన్ని మాత్రం వదిలేయకండి. ఎత్తు 334 మీటర్లు. పైనున్న పొగగొట్టం 1858లో గని కోసం కట్టింది, ఎంత సోకుగా కట్టారో చూడు. దాని చుట్టూ కోటలా కనిపించే కట్ట మాత్రం నిజం కోట కాదు. సర్ జాన్ కాల్ అనే ఆయన సరదాకి కట్టించుకున్నాడు. ఈయన ఎవరనుకున్నావు? మన మద్రాసులో ఈస్టిండియా కంపెనీకి చీఫ్ ఇంజనీరుగా చేసినవాడు! అక్కడ గడించి వచ్చి ఇక్కడ ఉత్తుత్తి కోట కట్టుకున్నాడన్నమాట. పక్కనే ఉన్న హింగ్‌స్టన్ డౌన్‌లో 838లో వెసెక్స్ రాజు ఎగ్బర్ట్, కార్న్‌వాల్ వాళ్లనీ వాళ్లకి తోడొచ్చిన వైకింగులనీ ఓడించాడని చెబుతారు. డబ్బా ఒకటి తగ్గినా పర్వాలేదు, పైన కాసేపు కూర్చోండి.

పొగమంచు కమ్మితే మాత్రం ఎక్కడివక్కడ ఆపేసి, తెలిసిన బాటలో దిగిపోండి. ఎక్కేముందు ఎన్నింటికి దిగుతారో పిన్నికి మెసేజ్ పెట్టు, దిగాక మళ్లీ పెట్టు. లేకపోతే ఆవిడ టెన్షన్ పడి నన్ను కూర్చోనివ్వదు.

ఇట్లు,
మీ బాబాయి