సంచికి భయపడి ఆపరేషన్ మానుకోవద్దు

చి. సురేష్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన రిపోర్టులన్నీ చూశాను. గడ్డ పెద్దపేగు చివర్లో, మలద్వారానికి ఆరు సెంటీమీటర్ల పైన ఉంది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది కాబట్టి అందులో ఇక అనుమానం లేదు. కానీ సీటీ స్కాన్‌లో లివరు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అంటే నయం చేద్దామనే ఉద్దేశంతోనే వైద్యం చేసే స్థితిలో మీ నాన్న ఉన్నాడు. నిన్న ఫోన్లో ఏడుపుల మధ్య ఈ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. అందుకే రాసి పంపుతున్నాను. మీ అమ్మకు చదివి వినిపించు.

"పొట్టకు సంచి తగిలించుకుని బతికే కన్నా ఇలాగే పోతాను" అన్నాడట మరిది. పేగును పొట్ట మీదికి తీసి, మలం పడడానికి తగిలించే సంచి గురించే ఆ మాట. సర్జికల్ వార్డులో పనిచేసినన్నాళ్ళూ ఈ మాట వింటూనే ఉన్నాను. అలా అని వెళ్ళిపోయి పసరు మందులు తాగినవాళ్ళు కొందరు కొన్ని నెలలకు పేగు మూసుకుపోయి, పొట్ట ఉబ్బి, వాంతులతో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వచ్చేవాళ్ళు. అప్పుడు ప్రాణం కాపాడడానికి డాక్టర్లు మొదట పెట్టేది ఆ సంచే. గడ్డ మాత్రం లోపలే ఉండిపోయేది. ఈ సంగతి మరిదికి మెత్తగానే అయినా తప్పకుండా చెప్పు.

సంచుల్లో రెండు రకాలున్నాయి, తాత్కాలికం, శాశ్వతం. ఆపరేషన్‌లో గడ్డను దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా తీసేసి, పైపేగును కిందికి దించి కలుపుతారు. ఆ పొర చిరగకుండా తీస్తే జబ్బు అక్కడే తిరగబెట్టడం బాగా తగ్గుతుందని ఇంగ్లండులో బిల్ హీల్డ్ అనే సర్జన్ 1982లో చూపించాడు. ఇప్పుడు అన్నిచోట్లా అదే పద్ధతి. అంత కిందికి కలిపిన అతుకు మానడానికి టైం పడుతుంది. అందాకా మలం దాని మీదుగా పోకుండా చిన్నపేగును పొట్టకు కుడివైపు బయటికి తీసి సంచి పెడతారు. అది తాత్కాలికం. కొన్ని నెలలయ్యాక చిన్న ఆపరేషన్‌తో లోపలికి పంపేస్తారు. గడ్డ మలద్వారం కండరంలోకి పాకితేనే ఎడమవైపు శాశ్వతంగా పెట్టాల్సి వస్తుంది. ఆరు సెంటీమీటర్లంటే చాలామందికి మలద్వారాన్ని కాపాడగలరు. ఖాయంగా చెప్పాల్సింది మాత్రం పొత్తికడుపు ఎమ్మారై. అది చూడకుండా "వెంటనే కోసేద్దాం" అంటే ఒప్పుకోవద్దు.

ఇంకో టెస్టు అడగాలి. బయాప్సీ ముక్క మీదే ఎమ్ఎమ్ఆర్ అనే పరీక్ష చేస్తారు. కణం తన జన్యువుల్లో వచ్చే తప్పుల్ని సరిదిద్దుకునే ఏర్పాటు పనిచేస్తోందా అని చూసేది అది. వైద్యం మొదలుపెట్టకముందే చేయించు. అందులో లోపం ఉందని వస్తే దారే మారిపోవచ్చు. అలాంటి గడ్డలు రేడియేషన్, ఆపరేషన్ లేకుండా ఒంట్లోని రోగనిరోధక శక్తినే గడ్డ మీదికి పంపే ఒక్క ఇమ్యునోథెరపీ మందుతోనే పూర్తిగా కరిగిపోయాయని న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ డాక్టర్లు 2022లో ప్రకటించారు. ఎక్కువమందిలో ఆ లోపం ఉండదు, మందు కూడా చాలా ఖరీదు. అయినా అడగకుండా వదలకూడదు.

లోపం లేకపోతే, ఎమ్మారైని బట్టి మామూలుగా మొదట కరెంటు, అంటే రేడియేషన్, పెడతారు. ఐదు వారాలు, లేదా ఎక్కువ మోతాదులో ఐదు రోజులు. దాంతో పాటో తర్వాతో కీమో ఉంటుంది. ఆ తర్వాత ఆపరేషన్‌కు కొన్ని వారాలు ఆగమంటారు. అప్పుడే బంధువులు మొదలుపెడతారు, గడ్డను లోపల పెట్టుకుని ఊరికే కూర్చున్నారేమిటని. ఊరికే కూర్చోవడం కాదది. ఆ వారాల్లోనే గడ్డ కుంచించుకుంటుంది. టెన్షన్ పడి ఇంకో ఆసుపత్రికి పరుగెత్తొద్దు.

ఆ టైంలో మీకు బోలెడు పని ఉంది. సిగరెట్ ఈ రోజే ఆగాలి, రేపు కాదు. పొగ మానేస్తే అతుకు మానుతుంది, ఊపిరితిత్తులు మత్తును తట్టుకుంటాయి. హిమోగ్లోబిన్ తొమ్మిదే ఉంది, ఐరన్ ఇంజక్షన్ గురించి అడుగు. షుగర్ అదుపులో ఉండాలి. పథ్యం పేరుతో చారన్నం పెట్టొద్దని మీ అమ్మకు చెప్పు. గుడ్లు, చేపలు, పప్పు, పెరుగు పెట్టమను. పొద్దునా సాయంత్రం నడిపించు. ఊపిరితిత్తుల కసరత్తుకు వాడే మూడు బంతుల మిషన్ ముందే కొని ఇంట్లో ఊపిరి పీల్చడం అలవాటు చేయించు. కోసిన పొట్టతో ఐసీయూలో కొత్తగా నేర్చుకోవడం చాలా కష్టం.

సర్జన్‌ను రెండు మాటలు అడుగు. ఏడాదికి ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేస్తారు, సంచి సంగతి చూసే నర్సు ఉందా. మంచి సర్జన్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. డబ్బు గురించి అప్పుడే పొలం మాట ఎత్తొద్దు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి పది లక్షలు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందు ఆరోగ్యమిత్ర కౌంటర్లో కార్డు చూపించి మాట్లాడు.

ఆపరేషన్‌కు ముందు రోజు సంచి ఎక్కడ వస్తుందో పొట్ట మీద పెన్నుతో గుర్తు పెట్టించుకోవాలి. పడుకోబెట్టి గీసేసి వెళ్ళిపోతే ఒప్పుకోవద్దు. నిలబెట్టాలి, కూర్చోబెట్టాలి, వంగమనాలి. మరిది రోజూ కట్టుకున్నట్టే లుంగీ కట్టించాలి. ముడి దగ్గరో మడత పడే చోటో సంచి వస్తే దాన్ని చర్మానికి పట్టి ఉంచే ప్లేటు అంటుకోదు, కారుతుంది. ఆ కారడం వల్లే మనుషులు ఇల్లు కదలడం మానేస్తారు.

బయటికి తీసిన పేగు పెదవి లోపలి భాగంలా ఎర్రగా, తడిగా ఉంటుంది. తుడిచేటప్పుడు చుక్క రక్తం కనిపిస్తే కంగారు పడొద్దు. నల్లబడితే మాత్రం వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. చుట్టూ చర్మాన్ని మామూలు నీళ్ళతో కడిగి, పొడి గుడ్డతో అద్ది ఆరనివ్వాలి. కొబ్బరినూనె రాస్తే ప్లేటు నిలవదు, డెట్టాల్ పోస్తే చర్మం మండిపోతుంది. ప్లేటు రంధ్రం పేగు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దగా కత్తిరించాలి. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. చిన్నపేగు సంచిలోకి నీళ్ళలాగే వస్తుంది. రోజుకు లీటరున్నర దాటితే ఒంట్లో నీరు, ఉప్పు పడిపోయి కిడ్నీల మీదకు వస్తుంది. మంచినీళ్ళు ఎన్ని తాగినా సరిపోదు, ఓఆర్ఎస్ కావాలి, డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఇంటికి వచ్చాక మొదటి వారాల్లో నాకున్న పెద్ద భయం ఇదే.

అతుకు లీకయ్యే ప్రమాదం మొదటి పదిరోజుల్లో ఎక్కువ. జ్వరం, నాడి వేగంగా కొట్టుకోవడం, పొట్టనొప్పి పెరగడం, వీటిలో ఏది కనిపించినా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు.

ఈ ఆపరేషన్‌లో మూత్రానికి, దాంపత్యానికి సంబంధించిన నరాలు పక్కనే ఉంటాయి. కొందరికి ఇబ్బంది మిగులుతుంది. కొడుకువి, ఈ మాట నువ్వు ఎత్తలేవు. మీ అమ్మానాన్నలతో విడిగా మాట్లాడమని సర్జన్‌కు చెప్పు. సంచి తీసేశాక కూడా మొదట్లో రోజుకు చాలాసార్లు బాత్రూంకి పరుగెత్తాల్సి వస్తుంది, మెల్లగా నెలల మీద తగ్గుతుంది. ముందే తెలిస్తే మనిషి కుంగిపోడు.

తీసిన గడ్డ రిపోర్టు వచ్చినప్పుడు అంచుల్లో జబ్బు లేదని రాశారా, ఎన్ని లింఫు గ్రంథులు చూశారు అన్నవి చదువు. పన్నెండైనా చూడాలన్నది లెక్క, రేడియేషన్ తర్వాత కొన్నిసార్లు తక్కువ దొరుకుతాయి. తర్వాతి కీమో సంగతి ఈ రిపోర్టును చూసే చెబుతారు.

"నాకే ఎందుకు వచ్చింది" అంటున్నాడట. వయసు, పొగ, మందు, పొట్ట, కదలకుండా కొట్లో కూర్చునే పని, అన్నీ కలిసి ఉండొచ్చు. రక్తం పడుతుంటే వేడి చేసిందని, మొలలని నెలల తరబడి ఆయింట్‌మెంట్ పూసుకున్నాడని ఇప్పుడు ఎవరూ దెప్పొద్దు. ఊళ్ళో చూపించుకున్నచోట ఒక్కసారి వేలు పెట్టి చూసినా ఈ గడ్డ తగిలి ఉండేదేమో. ఆ కోపం నాకుంది, అది మరిది మీద కాదు.

ఇక నీ సంగతి. తండ్రికి ఈ జబ్బు వస్తే పిల్లలు, తోబుట్టువులు నలభయ్యో ఏట, లేదా ఆయనకు తేలిన వయసుకు పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలి. పేగు లోపలి గోడ మీద మొలిచి, తర్వాత గడ్డ అయ్యే పిలక (పాలిప్) సాధారణంగా ఏళ్ళ తరబడి పెరుగుతుంది, స్కోపీలోనే తీసేయొచ్చు. కానీ మీ ఇంట్లో ఇంకోటి నన్ను కలవరపెడుతోంది. మీ మేనత్తకు నలభైల్లోనే గర్భసంచి క్యాన్సర్ వచ్చింది కదా. మీ నానమ్మ కూడా పొట్టలో గడ్డతోనే పోయిందంటారు. పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు ఒకే వంశంలో కనిపిస్తే లించ్ సిండ్రోమ్ అనే జన్యులోపం ఉందేమో చూడాలి. ఎమ్ఎమ్ఆర్ పరీక్ష అందుకు కూడా పనికొస్తుంది. ఆ లోపం నీకూ ఉందని తేలితే నలభై దాకా ఆగకూడదు, స్కోపీలు ఇప్పటినుంచే మొదలవ్వాలి. నీ చెల్లెలికీ అంతే.

అత్తయ్యకు ఫోన్ చేసి ఏ వయసులో వచ్చింది, ఎక్కడ ఆపరేషన్ అయింది అడిగి రాసుకో. పాత కాగితాలుంటే ఫోటో తీసి పంపమను. ఎమ్మారై అయిన రోజు నాకు చెప్పు, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను.

మీ పెద్దమ్మ