ఈసుకుపోయిన గేదెను అమ్ముతుంటే ఆ సంగతి చెప్పాలా?

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా గ్రేడెడ్ ముర్రా గేదె ఒక ఈత బాగానే ఈనింది, రెండో చూడి నిరుడు ఏడో నెలలో ఈసుకుపోయింది, నెలలు నిండకుండానే దూడ పడిపోయింది. మాయ పడకపోతే మా అమ్మ చేత్తో తీసేసింది. తర్వాత ఊళ్లో దున్నతో దాటించాం. ఇప్పుడు ఆరో నెల చూడి, నిగనిగలాడుతోంది. చెల్లి పెళ్లికి డబ్బు కావాలి. మానాపురం సంతకు తోలితే 90 వేలు పలుకుతుంది, పాత సంగతి ఎత్తొద్దు అని దళారి అంటున్నాడు. మొదటి ఈత పెయ్యను కూడా అడుగుతున్నారు. చెప్పకపోతే తప్పా?

సమాధానం: తప్పేనండీ. చెప్పాల్సిందే. కానీ ఏం చెప్పాలో మీకే ఇంకా సరిగ్గా తెలీదు, ముందు అది తేల్చుకోవాలి.

ఆఖరి నెలల్లో ఈసుకుపోయి, మాయ కూడా పడలేదంటే మా పశువైద్యులం మొదట అనుమానించేది బ్రూసెల్లోసిస్‌ని, అంటే పశువులు ఈసుకుపోయేలా చేసే ఒక అంటుజబ్బుని. అదే అని ఇప్పుడే అనడం లేదు. దెబ్బ తగిలినా, గట్టి జ్వరం వచ్చినా, ఇంకొన్ని సూక్ష్మజీవుల వల్లా ఈసుకుపోవచ్చు. అయితే బ్రూసెల్లోసిస్‌తో పెద్ద చిక్కేమిటంటే, సోకిన పశువు చాలావరకు ఒక్కసారే ఈసుకుపోతుంది, ఆ తర్వాతి చూడి నిండు నెలలు మోసి చక్కగా ఈనుతుంది, కానీ ఈనినప్పుడు ఉమ్మనీటిలో, మాయలో, ఆ తర్వాత పాలలో క్రిమి వస్తూనే ఉంటుంది. మీరు రాసిన ఆ నిగనిగ చూసి నేను ధైర్యం చెప్పలేనిది అందుకే. కొన్నవాళ్ల సాలలో అది ఈనిన రోజు, ఆ గడ్డి మీద మూతి పెట్టిన పక్క చూడి గేదెకు అంటుకుంటుంది. సంతలో కొన్న ఒక్క గేదె వల్ల ఏడాది తిరిగేలోపు ఇంకో రెండు ఈసుకుపోయిన సాల నేను చూశాను, వాళ్లకు ఆ పాలే జీవనం. అమ్మినవాళ్లు ఎవరో, ఏ ఊరో కూడా వాళ్లకు తెలీదు.

కాబట్టి బేరానికి ముందు రక్త పరీక్ష చేయించండి. మీ పశువైద్యుడు రక్తం తీసి జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపిస్తారు, రక్తంలో ఈ జబ్బు జాడ పట్టే రోజ్ బెంగాల్ పరీక్ష, అవసరమైతే ఎలీసా అనే ఇంకో పరీక్ష చేస్తారు. డాక్టరు రెండోసారి చేయించమంటే విసుక్కోకండి. పెయ్యకూ చేయించండి, అదీ ఆ సాలలోనే పెరిగింది కదా. దానికి నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో బ్రూసెల్లా టీకా వేయించి ఉంటే ఆ మాట ముందే చెప్పండి, టీకా వల్ల కూడా ఒక్కోసారి పాజిటివ్ చూపిస్తుంది. ఊళ్లో దున్న యజమానికి కూడా విషయం చెప్పండి, ఆ దున్న ఇంకెన్ని గేదెలను దాటుతోందో.

నెగెటివ్ వస్తే సంతోషంగా అమ్ముకోండి. అప్పుడు కూడా 'నిరుడు ఏడో నెలలో ఈసుకుపోయింది, పరీక్ష చేయించాం, ఇదిగో కాగితం' అని చెప్పే అమ్మండి. చెవి పోగు మీది 12 అంకెల నంబరు, ఈసుకుపోయిన నెల, పరీక్ష తేదీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఓ ఐదు పది వేలు తగ్గొచ్చు. తగ్గితే తగ్గనివ్వండి, ఆ తగ్గిన ధరే దాని అసలు ధర.

పశువుకు ఎప్పుడో వచ్చిన ప్రతి జ్వరాన్నీ ఏకరువు పెట్టమని అనను. గాలికుంటు వచ్చి పూర్తిగా తగ్గిపోతే అడిగినప్పుడు చెబితే చాలు. కానీ పొదుగువాపుతో చన్ను పోయినా, చూడితో ఉన్నప్పుడు యోని భాగం బయటకు వచ్చినా, కట్టు నిలవక, అంటే దాటించినా చూడి కట్టక మళ్లీ మళ్లీ ఎదకు వస్తున్నా అడక్కముందే చెప్పాలి. పాలకో చూడికో కొనేవాడు దేనికి డబ్బు పెడుతున్నాడో అక్కడే లోపం ఉంది కదా.

చట్టం సంగతి కూడా చెబుతాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో గుర్రం అమ్మకమే ఉదాహరణగా ఉంది. గుర్రానికి లోపం ఉందని తెలిసి కూడా వేలంలో ఊరికే నోరు మూసుకుంటే అది మోసం కాదట. కానీ కొనేవాడు 'నువ్వు కాదనకపోతే బాగుందనే అనుకుంటాను' అన్నాక కూడా మౌనంగా ఉంటే, ఆ మౌనం నోటితో చెప్పిన మాటతో సమానం. మన సంతలో తాడు పట్టుకోబోయే ముందు 'దోషమేం లేదు కదా బాబూ' అని అడగని మనిషిని నేను చూడలేదు. అప్పుడు మీరు తల దించుకుంటే దళారి చెప్పిన 'ఊరుకోవడం' కాస్తా అబద్ధమైపోయినట్టే.

పాజిటివ్ వస్తే మాత్రం సంతకు తోలొద్దు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం అలాంటి జబ్బున్న పశువును సంతకు తేవడమే నేరం. వేరే జిల్లాకి, ముఖం తెలియనివాళ్లకి అమ్మేద్దామన్నా అదే. పెళ్లి టెన్షన్‌లో ఉన్న మీకు ఇది ఎంత కష్టమైన మాటో తెలుసు, పశువులో దాన్ని నమ్మకంగా నయం చేసే మందు కూడా లేదు. విడిగా కట్టండి, దున్న దగ్గరకు తోలొద్దు, ఈనేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, మాయను, తడిసిన గడ్డిని కుక్కలు తవ్వలేనంత లోతున సున్నం చల్లి పూడ్చండి. పాలు బాగా కాచి తాగండి, పచ్చిపాలు ఎవరికీ పోయకండి. మిగతాది మీ డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి, 1962కి ఫోన్ చేసినా సంచార వైద్యశాల వస్తుంది.

ఇంకొకటి, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. మీ అమ్మగారు వట్టి చేతుల్తో మాయ తీశారన్నారు. ఈ జబ్బు మనుషులకూ వస్తుంది. వచ్చి పోయే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, నడుం, కీళ్ల నొప్పులు ఉంటే వయసు మీద పడి అనుకోకండి. ఆవిడను పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, గేదె ఈసుకుపోయిన సంగతి, మాయ తీసిన సంగతి డాక్టరుకు చెప్పి రక్తం పరీక్ష చేయించండి. మనుషులకు దీనికి మందులున్నాయి, నెలన్నర పాటు ఆపకుండా వాడాలి. గేదె రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు, ఈ వారమే తీసుకెళ్లండి.